ఎనర్జీ కుదిరింది, మిగతావి కుదరలేదు: స్పిన్ గొలుసు ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

హైసెన్‌బర్గ్ స్పిన్ గొలుసు గ్రౌండ్ స్టేట్‌లో (అన్నిటికన్నా తక్కువ ఎనర్జీ ఉండే స్థితిలో) ఏ ఆపరేటర్ (కొలవదగిన రాశి) ఇచ్చినా దాని ఎక్స్‌పెక్టేషన్ వాల్యూ లెక్కగట్టే కోడ్ సొంతంగా రాయడం. ప్రాజెక్టు అంతే. దీనికి మంచి లైబ్రరీలు ఉన్నాయి, నాలుగు లైన్లు రాస్తే నంబరు వచ్చేస్తుంది. ఆ నంబరును ఎంతవరకు నమ్మాలో మాత్రం లైబ్రరీ చెప్పదు. నాకు కావలసింది ఆ రెండో సంగతే.

మోడల్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సైట్లను వలయంగా పేర్చాం అనుకోండి. ప్రతి సైటులో స్పిన్ 1/2, పైకి గానీ కిందకి గానీ. పక్కపక్క స్పిన్‌ల డాట్ ప్రొడక్టులన్నీ కూడితే అదే హామిల్టోనియన్, అంటే ఎనర్జీ ఆపరేటర్. బలం 1 అనుకుంటున్నాను, కాబట్టి యూనిట్ల గొడవ లేదు. ఎక్స్‌పెక్టేషన్ వాల్యూ అంటే అదే స్టేట్‌ను మళ్లీ మళ్లీ తయారుచేసి ఒక రాశిని కొలుస్తూ పోతే తేలే సగటు. నేను ఎక్కువగా చూసేది ఒకటే రాశి: రెండు సైట్లలో జెడ్ దిశ స్పిన్‌ల లబ్ధం సగటు. దీన్నే కోరిలేషన్ అంటున్నాను. పక్కపక్క సైట్లయితే దూరం 1, మధ్యలో ఒకటి వదిలితే దూరం 2, అలా.

వందల మోడళ్లుండగా దీన్నే పట్టుకోవడానికి కారణం, దీనికి జవాబులు ముందే తెలుసు. 1931లో హాన్స్ బేతె కచ్చితమైన పరిష్కారం చూపించారు. 1938లో హుల్తేన్ అనంతమైన గొలుసులో సైటుకు ఎనర్జీ 1/4 మైనస్ 2కి సహజ లాగ్, అంటే −0.443147 అని తేల్చారు. గ్రౌండ్ స్టేట్‌లో ఎక్స్, వై, జెడ్ దిశలకు తేడా లేదు కాబట్టి దూరం 1 కోరిలేషన్ అందులో మూడో వంతు: −0.147716. దూరం 2కి 1977లో తకహాషి సూత్రం ఇచ్చారు, విలువ 0.060680. దూరం 3, 4 విలువలు 2000 తర్వాతే వచ్చాయి: −0.050249, 0.034653. ఈ నాలుగు నంబర్లనూ ఫైల్ మొదట్లో కామెంటుగా పెట్టుకున్నాను. నా కోడ్‌కు ఇదే పరీక్ష పేపరు.

నాలుగు సైట్లు, కాగితం మీద

కంప్యూటర్ తెరవకముందే నాలుగు సైట్ల వలయం చేత్తో చేశాను. రెండు పైకి, రెండు కిందకి ఉండే అమరికలు ఆరు. స్టేట్ అంటే ఈ అమరికల మిశ్రమం: ఒక్కోదానికి ఒక గుణకం, దాని వర్గాన్ని బట్టే ఆ అమరిక కనబడే అవకాశం. ↑↓↑↓, ↓↑↓↑ ఈ రెండింటికీ గ్రౌండ్ స్టేట్‌లో గుణకం 2. మిగతా నాలుగింటికి, అంటే ↑↑↓↓ లాంటివాటికి, −1. వర్గాల మొత్తం 8 + 4 = 12. అంటే కొలిస్తే మూడింట రెండు వంతుల సార్లు ఒకటి విడిచి ఒకటి అమరికే కనబడుతుంది.

దూరం 1: ఒకటి విడిచి ఒకటి అమరికలో ప్రతి జంటా −1/4, మిగతావాటిలో రెండు ప్లస్, రెండు మైనస్ కొట్టుకుపోతాయి. సగటు −1/6. నాలుగు జంటలు, మూడు దిశలు, మొత్తం ఎనర్జీ −2. ఇది పుస్తకాల్లో ఉన్న విలువే. దూరం 2: 1/6 మైనస్ 1/12, అంటే 1/12. దీన్ని మూడుతో గుణిస్తే 1/4. అంటే ఎదురెదురు స్పిన్‌లు రెండూ కలిసి స్పిన్ 1గా ఉన్నాయన్నమాట.

ఈ అరపేజీ లెక్క ఆ తర్వాత చాలా చోట్ల ఆదుకుంది. కొత్త ఫంక్షన్ ఏది రాసినా ముందు నాలుగు సైట్లకు నడిపి −1/6, 1/12 వస్తున్నాయో లేదో చూసి ముందుకు వెళ్లాను.

బిట్లతో కోడ్

పైథాన్‌లో అమరికను పూర్ణాంకంగా దాచడం పాత పద్ధతే, కానీ దాని సుఖమే వేరు. పైకి అంటే 1, కిందకి అంటే 0. నాలుగు సైట్లకు 3, 5, 6, 9, 10, 12 ఇవే ఆరు అమరికలు. రెండు పక్క బిట్లు వేరువేరుగా ఉంటే ఆ రెండు స్థానాల్లో 1 ఉన్న మాస్క్‌తో ఎక్సార్ (బిట్లు వేరువేరుగా ఉన్నచోటే 1 ఇచ్చే క్రియ) కొడితే అవి తారుమారవుతాయి: 5 అంటే 0101, 3తో (0011) ఎక్సార్ చేస్తే 6 (0110). హామిల్టోనియన్‌లో డయాగొనల్ కాని (అమరికను మార్చే) భాగమంతా ఈ ఒక్క లైనే. దానికి గుణకం 1/2.

పైకి ఉన్నవీ కిందకి ఉన్నవీ సమానంగా ఉండే అమరికలు మాత్రమే తీసుకుంటే 16 సైట్లకు 12,870 వస్తాయి. ఆ మ్యాట్రిక్స్‌ను నిండుగా దాస్తే దాదాపు 1.3 జీబీ. నిండుగా దాచే అవసరమే లేదు, అందులో ఎక్కువ భాగం సున్నాలే. సైపైలో (పైథాన్ గణిత లైబ్రరీ) స్పార్స్ మ్యాట్రిక్స్ (సున్నాలు దాచనిది), దాని మీద లాంచోస్ పద్ధతి (1950 నాటిది, మ్యాట్రిక్స్‌తో పదేపదే గుణిస్తూ అతి తక్కువ ఎనర్జీని రాబట్టేది), ల్యాప్‌టాప్ ఫ్యాన్ తిరగకముందే పని అయిపోతుంది. 24 సైట్లకు 27,04,156 అమరికలు, అదీ పర్వాలేదు. 40 సైట్లకు 13,784 కోట్ల పైచిలుకు. ఒక్క వెక్టర్‌కే ఒక టెరాబైటు దాటుతుంది. అక్కడ ఈ దారి మూసుకుపోయినట్టే.

వచ్చిన ఎనర్జీలు సైటుకు ఇలా ఉన్నాయి. 8 సైట్లకు −0.456387, 10కి −0.451545, 12కి −0.448949, 16కి −0.446394. అనంత విలువతో తేడా తీసి సైట్ల సంఖ్య వర్గంతో గుణిస్తే 10 దగ్గర 0.840, 12 దగ్గర 0.836, 16 దగ్గర 0.831. సిద్ధాంతం ప్రకారం ఇది π వర్గం బై 12, అంటే 0.822 వైపు దిగాలి. దిగుతోంది, కానీ బద్ధకంగా. ఈ మోడల్‌లో లాగ్ సవరణలు ఉంటాయి, అవి అంత త్వరగా వదలవు.

ఆరు సైట్లు, రెండు స్టేట్‌లు

ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పెద్ద గొలుసుకు కచ్చితమైన స్టేట్ దొరకదు, ఊహించి రాసిన స్టేట్‌తో సరిపెట్టుకోవాలి. నేను తీసుకున్నది హాల్డేన్, బి. శ్రీరామ్ శాస్త్రి 1988లో విడివిడిగా రాసిన స్టేట్. దాని నిర్వచనం చూడముచ్చటగా ఉంటుంది. వలయాన్ని వృత్తం మీద గీయాలి. పైకి ఉన్న స్పిన్‌ల ప్రతి జంటకూ మధ్య జ్యా పొడవు వర్గం తీసుకుని అన్నిటినీ గుణించాలి. గుర్తు కోసం బేసి సైట్లలో పైకి ఉన్న స్పిన్‌లను లెక్కపెట్టాలి, అవి బేసి సంఖ్యలో ఉంటే మైనస్. ఈ గుర్తుల నియమం మార్షల్ 1955లో చెప్పింది. సరిచేసుకోవడానికి పరామితి ఒక్కటీ లేదు. నాలుగు సైట్లకు ఇది 2, −1 అంటూ అచ్చంగా పై గ్రౌండ్ స్టేట్‌నే ఇస్తుంది.

ఆరు సైట్లకు సరిగ్గా అదే రాదు. అందుకే అది పనికొచ్చే ఉదాహరణ. మూడు పైకి, మూడు కిందకి ఉండే అమరికలు 20. సౌష్ఠవం వల్ల అవి మూడు రకాలుగా విడిపోతాయి: ఒకటి విడిచి ఒకటి (2 అమరికలు), మూడూ పక్కపక్కనే (6), ↑↑↓↑↓↓ లాంటివి (12). మూడో రకం గుణకాన్ని 1 అనుకుంటే, గుర్తులు పక్కన పెట్టి, కచ్చితమైన గ్రౌండ్ స్టేట్‌లో మొదటి రకానికి 2.3028, రెండోదానికి 0.3028. హాల్డేన్–శాస్త్రి స్టేట్‌లో 2.25, 0.25. చూడ్డానికి దగ్గరదగ్గరగానే ఉన్నాయి. రెండు స్టేట్‌ల అతివ్యాప్తి (రెండూ ఒకటే అయితే 1) 0.9996. ఏ సెమినార్‌లోనైనా ఈ నంబరు చూపిస్తే తలలూపుతారు.

ఇప్పుడు ఎక్స్‌పెక్టేషన్ వాల్యూలు. మొత్తం ఎనర్జీ: కచ్చితంగా −2.8028, ఊహా స్టేట్‌లో సరిగ్గా −2.8. తేడా 0.1 శాతం. భేష్ అనుకుని ముందుకు పోవచ్చు. దూరం 2 కోరిలేషన్: కచ్చితంగా 0.0693, ఊహా స్టేట్‌లో 0.0667. తేడా దాదాపు 4 శాతం. దూరం 3: −0.0773కు బదులు −0.0722, ఆరున్నర శాతం తేడా. స్టేట్ ఒకటే, కోడ్ ఒకటే, ఆపరేటర్ మారేసరికి నమ్మకం అరవై రెట్లు పడిపోయింది.

అనంత గొలుసులో కూడా ఇదే వరస. ఈ స్టేట్‌కు కోరిలేషన్ల సూత్రం 1987లోనే గెబ్‌హార్డ్, వోల్‌హార్డ్ ఇచ్చారు, సైన్ ఇంటిగ్రల్ ఫంక్షన్ ఒక్కటి ఉంటే సైపైలో ఒక లైను. దూరం 1కి −0.147372 వస్తుంది, అసలు విలువతో తేడా పావు శాతం కూడా లేదు. దూరం 2కి 0.056427, 7 శాతం తేడా. దూరం 3కి −0.044424, దాదాపు 12 శాతం. దూరం 4కి 0.029686, 14 శాతం. దూరం వెళ్లేకొద్దీ పరిస్థితి దిగజారుతోంది, ఎనర్జీ మాత్రం చక్కగా నవ్వుతూ కూర్చుంది.

ఎందుకిలా

కారణం పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది, కానీ అక్కడ చదివి దాటేస్తాం. మన ఊహా స్టేట్‌లో అసలు గ్రౌండ్ స్టేట్‌తో పాటు ఎప్సిలాన్ అంత కల్తీ ఉందనుకోండి. కల్తీ భాగం గ్రౌండ్ స్టేట్‌కు లంబంగా ఉంటుంది. ఎనర్జీ లెక్కలో ఈ రెండింటినీ కలిపే పదం సున్నా, ఎందుకంటే గ్రౌండ్ స్టేట్ హామిల్టోనియన్‌కు ఐగెన్ స్టేట్, అంటే హామిల్టోనియన్ దాన్ని ఒక సంఖ్యతో (ఐగెన్ విలువతో) గుణిస్తుందే తప్ప మార్చదు. కాబట్టి ఎనర్జీలో తప్పు ఎప్సిలాన్ వర్గం అంతే. వేరే ఆపరేటర్‌కు ఆ మినహాయింపు లేదు. కలిపే పదం బతికే ఉంటుంది, తప్పు ఎప్సిలాన్ స్థాయిలోనే వస్తుంది.

ఆరు సైట్ల మీద నంబర్లు పెట్టి చూస్తే: అతివ్యాప్తి వర్గం 0.99923, ఎప్సిలాన్ వర్గం 0.00077, ఎప్సిలాన్ 0.028. వర్గానికీ దానికీ మధ్య ముప్పై ఆరు రెట్ల తేడా. పేపర్లలో ‘ఎనర్జీ నాలుగో దశాంశం దాకా సరిపోయింది’ అన్న వాక్యం కింద కోరిలేషన్ గ్రాఫ్ పెడితే ఇకనుంచి నేను ఆ గ్రాఫ్‌ను కాస్త అనుమానంగానే చూస్తాను. ఎనర్జీని కనిష్ఠం చేసే ఏ పద్ధతికైనా ఈ జబ్బు ఉంటుంది. న్యూరల్ నెట్‌వర్క్ స్టేట్‌లు కూడా దీనికి అతీతం కావు.

మాంటే కార్లో

200 సైట్లకు అమరికలన్నీ కూడటం జరిగే పని కాదు. గుణకం వర్గానికి అనుపాతంగా అమరికలను యాదృచ్ఛికంగా ఎన్నుకుంటూ సగటు తీయాలి, మాంటే కార్లో అంటే ఇదే. దానికి 1953 నాటి మెట్రోపోలిస్ పద్ధతే. ఒక పై స్పిన్‌నూ ఒక కింది స్పిన్‌నూ తారుమారు చేసి చూడటం, కొత్త జ్యాల లబ్ధాన్ని పాతదానితో భాగించి ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోవడం. మొత్తం లబ్ధం మళ్లీ కట్టక్కర్లేదు, కదిలిన స్పిన్‌కు సంబంధించిన జ్యాలు చాలు. లాగ్ విలువల పట్టిక ముందే వేసుకుంటే నమ్‌పైతోనే వేగం సరిపోతుంది.

ఆపరేటర్ డయాగొనల్ అయితే సుఖం. అమరిక చూసి లబ్ధం రాసుకోవడమే. డయాగొనల్ కాకపోతే ఆ అమరిక నుంచి ఆపరేటర్ చేర్చగల ప్రతి అమరికకూ గుణకాల నిష్పత్తి తీసి కూడాలి. దీన్నే లోకల్ ఎస్టిమేటర్ అంటారు. మార్షల్ గుర్తు పనిచేసేది ఇక్కడే: పక్క స్పిన్‌లు తారుమారైతే నిష్పత్తి ఎప్పుడూ మైనస్.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి. దూరం 1 కోరిలేషన్‌ను రెండు రకాలుగా కొలవచ్చు. జెడ్ దిశ లబ్ధాల సగటు నేరుగా తీయొచ్చు, లేదా లోకల్ ఎనర్జీ సగటు తీసి భాగించవచ్చు. సమాధానం ఒకటే రావాలి. కానీ ఊగిసలాట ఒకటి కాదు. ఆరు సైట్ల మీద పెన్నుతో లెక్క వేశాను. లోకల్ ఎనర్జీ మూడు రకాల అమరికలకూ వరసగా −2.8333, −3.5, −2.75. మధ్యది ఎక్కడికో పోయింది గానీ దాని వాటా 60లో ఒకటి మాత్రమే. వేరియన్స్ (ఊగిసలాట కొలత) సరిగ్గా 0.01. అదే ఎనర్జీని జెడ్ లబ్ధాలను మూడుతో గుణించి అంచనా వేస్తే విలువలు −4.5, 1.5, −1.5. వేరియన్స్ 2.51. ఒకే సగటు కోసం రెండో దారికి 251 రెట్లు ఎక్కువ నమూనాలు కావాలి! మాంటే కార్లోలో ఒక దశాంశం పెరగాలంటే నూరు రెట్లు నడపాలి కదా, అంటే ఎస్టిమేటర్ ఎంపికతోనే ఒక దశాంశానికి పైగా ఉచితంగా వచ్చింది.

స్టేట్ కచ్చితమైనదైతే లోకల్ ఎనర్జీ అన్ని అమరికలకూ ఒకటే, వేరియన్స్ సున్నా. ఈ సౌకర్యం కూడా ఎనర్జీకే. దూరం 2, 3లకు స్టేట్ ఎంత కచ్చితమైనా ఊగిసలాట తప్పదు. ఇక్కడా ఎనర్జీకే రాజమర్యాద.

రెండు చెక్‌లు పెట్టాను, ఒకటి తీసేశాను. తీసేసింది ‘కోరిలేషన్ల మొత్తం సున్నా కావాలి’ అన్నది. గ్రౌండ్ స్టేట్ మొత్తం స్పిన్ సున్నా కాబట్టి నియమం నిజమే, కానీ నేను పై స్పిన్‌ల సంఖ్యను మార్చనివ్వను. అందుకని ఏ చెత్త స్టేట్ పెట్టినా మొత్తం సున్నా వచ్చి తీరుతుంది. అది పట్టుకునేది ఏమీ లేదు. ఉంచుకున్నది దిశల చెక్: తారుమారు పదం (ఎక్స్, వై దిశల భాగం) విలువ జెడ్ పదానికి సరిగ్గా రెట్టింపు ఉండాలి. ఆరు సైట్లకు −1.8667, −0.9333. గుర్తుల ఫంక్షన్ తీసేసి నడిపితే ఈ చెక్ మొదటి సెకనులోనే ఎర్రజెండా ఊపుతుంది.

200 సైట్ల ఫలితం −0.1474, 0.0564. గెబ్‌హార్డ్–వోల్‌హార్డ్ సూత్రంతో నాలుగో దశాంశం దాకా కలిసింది. వరస నమూనాలు ఒకదానికొకటి చుట్టాలే కాబట్టి ఎర్రర్ బార్ కోసం బ్లాకులు కట్టి, బ్లాకు సైజు పెంచుతూ ఎర్రర్ నిలకడ అయ్యేదాకా చూశాను. కోడ్ సరిగ్గా ఉంది. అయినా 0.0564 అనేది 0.0607 కాదు. నమూనాలు ఎన్ని పెంచినా ఎర్రర్ బార్ చిక్కిపోతుంది తప్ప విలువ పక్కకు జరగదు. ఎర్రర్ బార్ చెప్పేది నమూనాల సంగతే, స్టేట్ తప్పు దానికి తెలియదు.

లాంచోస్ ఒక్క మెట్టు

స్టేట్‌ను కాస్త మెరుగుపరచడానికి తేలిక దారి, హామిల్టోనియన్‌ను ఒకసారి దాని మీద ప్రయోగించి, పాతదీ కొత్తదీ కలిపి కనిష్ఠం వెతకడం. దీనికి ఎనర్జీ, దాని వర్గం, ఘనం, ఈ మూడింటి ఎక్స్‌పెక్టేషన్ వాల్యూలు చాలు. ఆరు సైట్లకు అవి −2.8, 7.85, −22. ఇంత గుండ్రటి నంబర్లు రావడం చూసి ముచ్చటేసింది. వీటితో 2×2 మ్యాట్రిక్స్ కడితే డయాగొనల్‌లో −2.8, 0.8, పక్కన 0.1 (వేరియన్స్ వర్గమూలం). కింది ఐగెన్ విలువ: −1 మైనస్ 3.25 వర్గమూలం, అంటే −2.8028. కచ్చితమైన ఎనర్జీ అదే! ఆరు సైట్లలో ఈ సౌష్ఠవం గల స్పిన్ సున్నా స్టేట్‌లు రెండే ఉన్నాయి, కాబట్టి ఒక్క మెట్టుతో గమ్యం చేరిపోయాం. ఎప్సిలాన్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఇందులో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది: 0.1ని 3.6తో భాగిస్తే 0.028.

పెద్ద గొలుసుకు మాత్రం ఇది అంత వరం కాదు. సైట్లు పెరిగేకొద్దీ ఒక్క మెట్టు వల్ల సైటుకు వచ్చే లాభం కరిగిపోతుంది. 20 సైట్ల దాకా బాగా పనిచేస్తుంది, 200కి దాదాపు దండగ.

ఆపరేటర్‌ను ఎనర్జీలోకి తోయడం

ఎనర్జీ మాత్రమే బాగా వస్తుందంటే, కావలసిన ఆపరేటర్‌ను ఎనర్జీలోకే తోసేస్తే పోదా? హెల్‌మన్ (1937), ఫైన్‌మన్ (1939) సిద్ధాంతం అదే. హామిల్టోనియన్‌కు ఆ ఆపరేటర్‌ను చిన్న గుణకంతో కలిపి, ఆ గుణకం మారితే ఎనర్జీ ఎంత మారుతుందో చూస్తే ఆ వాలే ఎక్స్‌పెక్టేషన్ వాల్యూ. దూరం 2 కోసం రెండో పొరుగు డాట్ ప్రొడక్టులు కలపాలి. ఆరు సైట్లకు గుణకం ప్లస్, మైనస్ 0.01 పెట్టి వాలు తీస్తే 1.248. దాన్ని 18తో (ఆరు జంటలు, మూడు దిశలు) భాగిస్తే 0.0693. సరిపోయింది.

కచ్చితమైన ఎనర్జీ చేతిలో ఉన్నప్పుడు ఇది చెక్‌గా బాగుంటుంది. ఊహా స్టేట్‌తో మాత్రం ఇదేమీ అడ్డదారి కాదు. స్టేట్‌ను కదలనివ్వకపోతే వాలు అదే పాత 0.0667 ఇస్తుంది. పరామితులు ఉన్న స్టేట్ అయితే, ప్రతి గుణకానికీ మళ్లీ కనిష్ఠం చేసినా, కనిష్ఠం దగ్గర పరామితుల మార్పు మొదటి స్థాయిలో లెక్కలోకి రాదు కాబట్టి నేరుగా కొలిచిన విలువే తిరిగి వస్తుంది. లాభం వచ్చేది ఎనర్జీని స్టేట్ కన్నా మెరుగైన దారిలో, అంటే లాంచోస్ మెట్లతోనో ప్రొజెక్షన్‌తోనో (స్టేట్‌లోని కల్తీని క్రమంగా వడకట్టడం) రాబట్టినప్పుడే.

గుణకాన్ని 1/2 దాకా తీసుకెళ్తే ఇంకో తమాషా ఉంది. అది 1969లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మజుందార్, ఘోష్ కనిపెట్టిన బిందువు. అక్కడ గ్రౌండ్ స్టేట్ చేత్తో రాయొచ్చు: పక్కపక్క స్పిన్‌లు జంటలుగా ముడిపడిపోతాయి, ఎనర్జీ సైటుకు −3/8. నా కోడ్ ఆరు సైట్లకు −2.25 ఇచ్చింది, సంతోషం. కానీ జంటలు కట్టే తీరు రెండు రకాలు, ఎనర్జీ రెండింటికీ ఒకటే. లాంచోస్ ఈ రెండింటిలో ఏ మిశ్రమం ఇస్తుందో మొదట ఇచ్చిన యాదృచ్ఛిక వెక్టర్‌ను బట్టి ఉంటుంది. సీడ్ (ఆ వెక్టర్‌ను నిర్ణయించే ప్రారంభ సంఖ్య) మారిస్తే ఒక జంట మీద కోరిలేషన్ మారిపోతోంది, ఎనర్జీ చెక్కుచెదరదు. ‘గ్రౌండ్ స్టేట్‌లో ఎక్స్‌పెక్టేషన్ వాల్యూ ఎంత’ అన్న ప్రశ్నకే ఇక్కడ ఒక్క జవాబు లేదు. ఎనర్జీ వక్రం కూడా ఆ బిందువు దగ్గర మడత పడుతుంది, కాబట్టి రెండు వైపులా కలిపి తీసిన వాలు రెండు వాలుల సగటు అవుతుంది, ఏ ఒక్క స్టేట్‌దీ కాదు. ఇప్పుడు నా ఫంక్షన్ పైనున్న ఐగెన్ విలువను కూడా తీసి చూస్తుంది, రెండూ కలిసిపోతే నంబరు ఇవ్వకుండా ఆగిపోతుంది.

మ్యాట్రిక్స్ ప్రొడక్ట్

చివరికి 1992లో స్టీవెన్ వైట్ తెచ్చిన దారి. ప్రతి సైటుకూ రెండు చిన్న మ్యాట్రిక్స్‌లు, పైకి ఒకటి, కిందకి ఒకటి. అమరిక చదువుతూ వాటిని గుణిస్తే గుణకం వస్తుంది. మ్యాట్రిక్స్ సైజే నాణ్యత మీట.

ఎక్స్‌పెక్టేషన్ వాల్యూ తీయడం ఇక్కడ గుణకారాల క్రమం మీద ఆడే ఆట. సగటు లెక్కలో స్టేట్ రెండుసార్లు వస్తుంది కాబట్టి మ్యాట్రిక్స్‌ల వరసలు రెండు. ప్రతి సైటులో పై వరసా కింది వరసా కలిపి ఒక పెద్ద ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్ కట్టి దాన్ని ఎడమ నుంచి వచ్చిన దానికి తగిలిస్తే ఖర్చు సైజు నాలుగో ఘాతం. ముందు పైది, తర్వాత కిందిది విడిగా గుణిస్తే మూడో ఘాతం. సైజు 200 అయితే ఘాతాల లెక్కన ఆ ఒక్క తేడా 200 రెట్లు. కానానికల్ రూపంలో ఉంచితే ఇంకా మేలు: ఎడమ, కుడి భాగాలు యూనిట్ మ్యాట్రిక్స్‌లుగా ముడుచుకుపోతాయి, ఒక్క సైటు ఆపరేటర్‌కు ఆ ఒక్క సైటు టెన్సర్ (దాని మ్యాట్రిక్స్‌ల జత) చాలు.

పరీక్షకు అఫ్లెక్, కెనెడీ, లీబ్, తసాకి 1987లో ఇచ్చిన స్పిన్ 1 గొలుసు తీసుకున్నాను. 2×2 మ్యాట్రిక్స్‌లతోనే స్టేట్ కచ్చితంగా వస్తుంది. ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్ ఐగెన్ విలువలు 1, మూడుసార్లు −1/3. అంటే ప్రతి అడుగుకూ కోరిలేషన్ మూడో వంతు అవుతూ గుర్తు మారుస్తుంది. దూరం 1కి −4/9 రావాలి, వచ్చింది. 4/27, −4/81 కూడా.

అసలు గొలుసుకు వచ్చేసరికి మళ్లీ పాత కథే, రూపం మారింది. మ్యాట్రిక్స్ సైజు ఎంతైనా ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్ ఐగెన్ విలువలు లెక్కకు దొరికేన్ని మాత్రమే, కాబట్టి కోరిలేషన్ చివరికి ఘాతీయంగా పడిపోక తప్పదు. నిజమైన గొలుసులో అది నిదానంగా, దాదాపు దూరానికి విలోమంగా తగ్గుతుంది. సైజు పెంచుతూ పోతే దూరం 1 ముందుగా నిలబడుతుంది, తర్వాత 2, ఆపైన 3, 4. పరీక్ష పేపరులో మొదటి నాలుగు ప్రశ్నలకు ఇప్పుడు మార్కులు పడుతున్నాయి. 50 దూరంలో ఉన్న కోరిలేషన్‌కు మాత్రం ఒక్క సైజు విలువ నమ్మకుండా, మూడు నాలుగు సైజులు వేసి ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్ రెండో ఐగెన్ విలువతో కలిపి గ్రాఫ్ గీస్తున్నాను.

ఇప్పుడు కోడ్ ఏ నంబరు ఇచ్చినా దాని పక్కన ఎనర్జీ వేరియన్స్, దిశల చెక్ తేడా, సైజు రెట్టింపు చేస్తే విలువ ఎంత కదిలిందో కూడా అచ్చవుతాయి. వేరియన్స్ కోసం హామిల్టోనియన్ వర్గాన్ని ఆపరేటర్ గొలుసుగా రాయడం ఒక్కటే ఇంకా నత్తనడకగా ఉంది. అది వేగం అందుకున్నాక స్టాటిక్ స్ట్రక్చర్ ఫ్యాక్టర్ మొదలుపెట్టాలి. అన్ని దూరాల కోరిలేషన్లూ అందులో ఒకేసారి కలుస్తాయి, కాబట్టి దూరపు వాటిలో మిగిలిన తప్పు అక్కడ శిఖరం ఎత్తులోనే తేలుతుంది.